మన చలనచిత్రములలో పరదేశము: ఎవరి నోట వారి మాట

హైదరాబాదు నగరమునకు వాయవ్య దిశనున్న నిజాంపేట కొంతకాలము క్రిందటి వఱకు ఒక పల్లె. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ భవనము వెలసిన పిమ్మట ఆ ప్రాంతమంతయు మాఱిపోయెను. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ గ్రామములు కలిసి ఒక నగరపాలక సంస్థగా ఏర్పడెను. పొలములున్న చోట మేడలు లేచినవి. ఆ మేడలలో నివసించు పెక్కు కుటుంబములకు బిడ్డయో, అల్లుడో, తోబుట్టువో విదేశమున గలరు. వారిని కనిపెంచినవారికి పరదేశమును గూర్చిన జ్ఞానము రెండు మార్గముల లభించుచున్నది. బిడ్డలు ఫోనులో చెప్పు కుశలవార్త లొకటి, సినిమా రెండవది. తల్లి మనస్సు నొచ్చునని బిడ్డలు తమ కష్టములు చెప్పరు. తండ్రి కోపించునని తమ స్నేహములు చెప్పరు. అట్లు మిగిలిన ఖాళీల నన్నిటిని సినిమా నింపుచున్నది. కావున మన చలనచిత్రములు పరదేశమును, పరదేశీయులను ఎట్లు చూపినవో విచారించుట ప్రొద్దుపోక చేయు పని గాదు. ఆ చరిత్రమును సంగ్రహముగా చెప్పి, అందుండి మనము గ్రహింపవలసిన దేమో నిరూపించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

కథ పరదేశమున నడచునప్పుడు ప్రేక్షకునకు రెండు ప్రశ్నలు పుట్టవలెను. ఆ కనబడు నేల నిజముగా ఆ దేశపు నేలయేనా? ఆ మనుష్యులు నిజముగా ఆ దేశపు వారేనా, వారి నోట వారి మాటయే వచ్చుచున్నదా? మొదటిదానికి డబ్బున్న చాలును. రెండవదానికి ఎదుటివానియందు గౌరవము కావలెను. మన చిత్రములు మొదటిదానిని శీఘ్రముగనే సాధించి, రెండవదానియందు చాలకాలము వెనుకబడినవని మా యభిప్రాయము.

ఎవరి నోట వారి మాట పలికింపవలెనను నియమము పాశ్చాత్యులు మనకు నేర్పినది గాదు. సంస్కృత నాటకములందు రాజు సంస్కృతమును, స్త్రీలును సేవకులును ప్రాకృతమును మాటాడుదురు. ఆ నియమమున స్త్రీని తక్కువ చేసిన దోషమున్నను, మనిషి మనిషికి మాట వేఱను ఎఱుక యందు గలదు. 1892లో తొలిసారి ప్రదర్శింపబడిన ‘కన్యాశుల్కము’న గురజాడ అప్పారావుగారు అగ్రహారపు బ్రాహ్మణుని మాటను, వితంతువు మాటను, వేశ్య మాటను, ఇంగ్లీషు ముక్కలు దొర్లించు గిరీశము మాటను వేఱువేఱుగ వినిపించిరి. 1897 నాటి ‘ప్రతాపరుద్రీయము’న వేదము వేంకటరాయశాస్త్రిగారు పాత్రోచితమగు భాషను వాడి, ఆ పద్ధతిని సమర్థించిరి. ఒకరు వ్యావహారిక వాది, మఱొకరు సంప్రదాయ పండితులు. అయినను ఈ విషయమున ఇరువురిదియు ఒకే దారి. మన నాటకము ఇంత ముందుగా కనుగొనిన ధర్మమును మన సినిమా ఎంతవఱకు పాటించెను?

1932లో విడుదలయైన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ను హెచ్. ఎం. రెడ్డిగారు బొంబాయిలో తీసిరి. 1936లో రాజమండ్రిలో దుర్గా సినీటోన్ వెలసినను, తెలుగు చిత్రము చిరకాలము మద్రాసుననే పెరిగెను. అనగా తెలుగు పల్లెను గూడ మనవారు చాలకాలము పరాయి నగరమున కొయ్యతోడను, సున్నముతోడను కట్టి చూపిరి. హైదరాబాదున 1950ల దశాబ్దమున సారథి స్టూడియో, 1970ల దశాబ్దమున అన్నపూర్ణ స్టూడియో, 1996లో రామోజీ ఫిల్ము సిటీ వెలసిన పిమ్మటనే తెలుగు చిత్రము క్రమముగా ఇంటికి చేరెను. కావున కల్పిత స్థలమును నమ్మి చూచుట మనకు మొదటినుండియు అలవాటే. ఇది దోషమని మేమనము. భాగవతుల మేళమున ఒక తెఱ పట్టినంతనే ద్వారక వెలసినదని నమ్మిన జాతి మనది.

ఆ కాలమున పరదేశీయుడు మన తెఱపై తెలుగువాడే. 1964లో వచ్చిన ‘బొబ్బిలియుద్ధము’లో ఫ్రెంచి సేనాని బుస్సీ పాత్రమును ముక్కామల కృష్ణమూర్తిగారు ధరించిరి. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’లో రూథర్‌ఫర్డు దొర పాత్రమును కొంగర జగ్గయ్యగారు ధరించిరి. ఈ రెండవ చిత్రము విశాఖ మన్యమునందలి చింతపల్లి ప్రాంతమున చిత్రింపబడెను. అనగా నేల సత్యము, దొర నోటి మాట కల్పితము. అయినను జగ్గయ్యగారి కంఠగాంభీర్యముచేత ఆ దొరకు ఒక మనస్సు, ఒక మర్యాద యేర్పడినవి. నటుని ప్రతిభ భాషాలోపమును కప్పివేసెను. తర్వాతి పెక్కు చిత్రములకు ఆ ప్రతిభ లభింపలేదు. వచ్చీరాని తెలుగు పలుకుచు, బూటుకాలితో తన్ను దొర మాత్రము మిగిలెను. అట్టి దొర మన పిల్లలకు చరిత్రను బోధింపడు. ఒక సామ్రాజ్యము చట్టములతో, పన్నులతో, కాగితములతో నడచినదని తెలిసికొనుటకు మాఱుగా, అది కొందఱు దుర్మార్గుల కోపముచే నడచినదని వారు నమ్ముదురు.

1976లో సింగీతము శ్రీనివాసరావుగారి దర్శకత్వమున ‘అమెరికా అమ్మాయి’ వచ్చెను. ఇందు నాయిక నిజముగా తెల్లజాతి యువతి. ఆమె దేవయాని యను పేర ప్రసిద్ధురాలైన ఆనిక్ షేమోతీ. మన నాట్యమును శ్రద్ధతో అభ్యసించిన విదుషీమణి. 2009లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నొసగినది. అంతవఱకు క్లబ్బు నర్తకిగా మాత్రమే తెఱకెక్కిన తెల్లస్త్రీని కోడలిగా, కళావతిగా చూపిన యశస్సు ఈ చిత్రమునకు దక్కవలెను. కాని దేవయాని పుట్టినది అమెరికాలో గాదు, ఫ్రాన్సులో. తెల్లని మేను గల వారందఱు ఒకటియే యను భావము మనలో ఎంత సహజముగా నుండెనో దీనిచే తెలియుచున్నది. ఫ్రెంచి వనితను అమెరికా పిల్లయనిన మనకు వింతగా దోపలేదు. తమిళ యువతిని తెలుగు పిల్లయని పరదేశమువారు చూపినచో మనకెట్లుండును?

ఆ పిమ్మట వచ్చినది పాటల యుగము. నాయికానాయకులు ఇక్కడ మాట ముగించి, స్విట్జర్లాండు మంచుపై పాట పాడి, మరల ఇక్కడికే వచ్చెడివారు. ఆ పర్వతములు నిజమైనవే, ఆ వీథులు నిజమైనవే. కాని ఆ వీథిలో నడచు మనిషి కెన్నడును ఒక మాట లేదు. అతడు ప్రక్కన నిలిచి నవ్వును, లేదా వెనుక వరుసలో చిందులు వేయును. నేలను తెచ్చి మనిషిని వదలివేసిన చిత్రమునకును, గోడకు వ్రేలాడు క్యాలెండరు బొమ్మకును భేదము లేదు.

ఈ వరుసలో 1987లో జంధ్యాలగారు తీసిన ‘పడమటి సంధ్యారాగము’ ఒక మేలిమలుపు. కథ అమెరికాలో నడచును. చిత్రీకరణమును అమెరికాలోనే జరిగెను. సంప్రదాయాభిమానియగు తండ్రి పాత్రమును గుమ్మలూరి శాస్త్రిగారు, కుమార్తె సంధ్య పాత్రమును విజయశాంతిగారు ధరించిరి. ఆమె ప్రేమించిన క్రిస్ అను అమెరికా యువకుని పాత్రమున థామస్ జేన్ అను అమెరికా యువకుడే నటించెను. నాటికి అతని వయస్సు ఇరువదియైనను నిండలేదు. ఇదియే అతని తొలి చిత్రము. అనంతరమతడు హాలివుడ్డున పేరుగాంచిన నటుడయ్యెను. ఇందు విశేషమేమన, ఆ యువకుడు రాక్షసుడు గాడు, వట్టి అలంకారమును గాడు. తండ్రి భయము నిజమైనదే, కుమార్తె మనస్సు నిజమైనదే, ఆ పరాయి యింటి పిల్లవాడును నిజమైనవాడే. ముగ్గురికిని తమ తమ మాట యుండుటచేత వారి కలహము ప్రేక్షకుని యింటి కలహమయ్యెను. నేలయు నోరును ఒకచోటివైన చిత్రము ఎంత మేలు చేయగలదో దీనివలన మనము నేర్చుకొనవచ్చును. విదేశమున నున్న ఆడుబిడ్డ వివాహమును గూర్చి నేడు కలవరపడు తల్లిదండ్రులు ఈ చిత్రమును మఱియొకసారి చూచుట మంచిది.

ఇటీవలి కాలపు చిత్రములలో రెండింటిని మాత్రము పరిశీలింతము. 2015లో క్రిష్ గారు తీసిన ‘కంచె’ రెండవ ప్రపంచయుద్ధమున ఇటలీ రణరంగమునకు పోయిన తెలుగు సైనికుని కథ. ఊరిలో కులమునకు కులమునకు నడుమ నున్న కంచెను, దేశమునకు దేశమునకు నడుమ నున్న కంచెను జోడించి చూపిన ఈ చిత్రమునకు ఆ యేటి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము లభించెను. ఇటలీ యుద్ధమున భారతీయ సైనికులు 5,000 మందికి పైగా ప్రాణములర్పించిరి. వారిని మన పాఠ్యపుస్తకములు మఱచినను ఒక తెలుగు చిత్రము తలచినది. అయితే ఆ రణరంగము చిత్రింపబడినది జార్జియా దేశమున. ఇందుకు దర్శకుని తప్పుపట్టవలసిన పని లేదు. అనేక దేశములు తమ నేలపై సినిమా తీయువారికి ఖర్చులో కొంత భాగమును తిరిగి యిచ్చుచున్నవి; కొన్నిచోట్ల అనుమతులు సులభము, కూలి చవుక. కావున ఏ దేశపు కథ ఏ దేశమున తీయబడునో తఱచుగా నిర్ణయించునది కథ గాదు, లెక్కల పుస్తకము.

ఇదే రణరంగమును గూర్చి ఇటలీ దర్శకుడు రొసెలీనీ 1946లోనే ‘పైసా’ అను చిత్రము తీసెను. యుద్ధము ముగిసి సంవత్సరమైనను నిండకమునుపే, శిథిలములైన ఆ పట్టణములలోనే, ఆ ప్రజలలో కొందఱిని నటులుగా గొని తీసిన చిత్రమది. అమెరికావారు ఇంగ్లీషు, ఇటలీవారు ఇటాలియను, జర్మనులు జర్మను మాటాడుదురు. మొదటి కథలో ఒక అమెరికా సైనికుడును, ఒక సిసిలీ పిల్లయు ఒకరి మాట ఒకరికి తెలియకయే రాత్రివేళ మాటాడుకొనుటకు యత్నింతురు. అర్థము గాకపోవుటయే అక్కడి కథ. ఇరువురి చేతను ఒకే భాష మాటాడించి యుండినచో ఆ కథయే లేకపోయెడిది.

ఈ మర్మమును మనవారును గ్రహించిరనుటకు 2022లో రాజమౌళిగారు తీసిన ‘ఆర్.ఆర్.ఆర్.’ సాక్ష్యము. ఇందు దొరల పాత్రములకు రే స్టీవెన్‌సన్, అలిసన్ డూడీ, ఒలీవియా మోరిస్ అను ఐర్లండు, ఇంగ్లండు నటులను పిలిపించి, వారి చేత ఇంగ్లీషే పలికించిరి. గోండు వీరుడగు భీమునకు జెన్నీ మాట తెలియదు, జెన్నీకి భీముని మాట తెలియదు. ఆ తెలియనితనము నుండియే చిత్రమునందలి కోమలమైన ఘట్టములు పుట్టినవి. బుస్సీ తెలుగు మాటాడిన 1964 నుండి ఇంత దూరము వచ్చుట సామాన్యము గాదు. కాని ఇందును నేల మాఱినది. ఢిల్లీలోని మందిరముగా మనము చూచినది 2021లో చిత్రింపబడిన కీవ్ నగరపు మారీన్స్కీ మందిరము. దొరసాని జెన్నీకి మనస్సు గలిగినను, గవర్నరు దంపతులు పాత బూటుకాలి దొరలకు చుట్టములే.

ఆ చిత్రమునకు వచ్చిన కీర్తి మఱియొక పాఠము నేర్పెను. పాశ్చాత్యులనేకులు దానిని నెట్‌ఫ్లిక్సునందు హిందీలో చూచిరి. తెలుగు నటుల నోట తెలుగు వినబడకయే తెలుగు చిత్రము ప్రపంచమున గెలిచెను. 2023 మార్చిలో ఆస్కారు సభావేదికపై ‘నాటు నాటు’ పాట తెలుగుననే వినబడినప్పుడు మనకందఱకు కన్నులు చెమర్చినవి. ఆ వేదికపై నర్తించిన ప్రధాన నర్తకులలో దక్షిణాసియావారికి చోటు దక్కలేదని విమర్శయు అప్పుడే వచ్చెను. మన పాటకు మనవారు కావలెనని అడిగిన మనము, ఇతరుల కథకు ఇతరులు కావలెనని ఒప్పుకొనవలదా?

ఈ యపరాధము మనది మాత్రమే గాదు. 1937లో హాలివుడ్డు చీనా రైతుల కథ ‘ది గుడ్ ఎర్త్’ను తీసినప్పుడు ముఖ్యపాత్రములను పాల్ మ్యూనీ, లూయీస్ రైనర్ అను తెల్లనటులకిచ్చెను. చీనా సంతతికి చెందిన ప్రసిద్ధ నటి ఆనా మే వాంగ్ అక్కడనే యున్నను, నాయిక పాత్రము ఆమెకు దక్కలేదు. భిన్నజాతుల దాంపత్యమును తెఱపై చూపరాదని వారి నియమావళి నిషేధించెను. రైనరునకు ఆ పాత్రమునకే ఆస్కారు బహుమానము వచ్చెను. 1968లో ‘ది పార్టీ’ యను చిత్రమున పీటర్ సెల్లర్స్ ముఖమునకు రంగు పూసికొని భారతీయుడై నవ్వించెను. అదే సంవత్సరమున మన హిందీ చిత్రము ‘పడోసన్’లో మహమూద్ దక్షిణాది సంగీత గురువై, వంకరటింకర హిందీతో నవ్వించెను. బొంబాయివారికి తమిళుడును, తెలుగువాడును, మలయాళియు, కన్నడిగుడును అందఱు మద్రాసీలే.

వారిని నిందించుటకు ముందు మన యింటిని చూచుకొందము. తెలంగాణపు మాటను మన తెలుగు సినిమాయే దశాబ్దముల కొలది విదూషకునికిని, ప్రతినాయకునికిని కేటాయించినది. ఒకే నేలపై పుట్టిన తెలుగే ఒక ప్రాంతమువారికి నాయకుని భాష, మఱొక ప్రాంతమువారికి నవ్వు భాష యయ్యెను. ఇందుకు ప్రాయశ్చిత్తముగా తొలుత నిలిచినది ఒక వంగీయుడు తీసిన చిత్రమగుట మనము సిగ్గుతో తలపవలసిన విషయము. 1980లో విడుదలయైన ‘మాభూమి’ని గౌతమ్ ఘోష్ గారు తెలంగాణ గ్రామములలో, ఆ పల్లెల మాటలోనే తీసిరి, బి. నరసింగరావుగారు నిర్మాతలలో ఒకరు. పరాయివాడై వచ్చిన దర్శకుడు మన నేలకు, మన మాటకు చేసిన గౌరవమది. 2017లో శేఖర్ కమ్ములగారి ‘ఫిదా’లో బాన్సువాడ పిల్ల తన మాటలోనే నాయికయై నిలిచెను. ఆ పాత్రమును ధరించిన సాయిపల్లవి తెలుగు పిల్ల కాకపోయినను, ఆ యాసను నేర్చి తన గొంతుతోనే పలికెను. ఆ పట్టణములోనే పుట్టినవారు దొరకని చోట, శ్రద్ధగా నేర్చినవారు చాలుదురని దీనిచే స్పష్టమగుచున్నది.

ఇంతకును ఇందు ప్రాణమునకు సంబంధించిన విషయమేమున్నదని చదువరు లడుగవచ్చును. ఉన్నది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రమునందలి ఓలేత పట్టణమున ఒక తెల్లజాతివాడు, తన దేశము విడిచి పొమ్మని అఱచి, హైదరాబాదుకు చెందిన తెలుగు ఇంజనీరు నొకనిని కాల్చి చంపెను. మఱొక తెలుగు ఇంజనీరును గాయపఱచెను. పాఱిపోయిన పిమ్మట ఆ హంతకుడు తాను ఇద్దఱు ఇరానీయులను కాల్చితినని చెప్పెను. అతనికి ఇరానీయుడును, భారతీయుడును ఒకటియే. గోధుమవన్నె మేను గలవారందఱు ఒకటియే. అదే చోట ఆ హంతకుని పట్టుకొనబోయి, తానును తుపాకి దెబ్బ తినిన యువకు డొకడు గలడు. అతడును తెల్లజాతి అమెరికావాడే. ఒకే గదిలో, ఒకే గడియలో, ఒకే రంగు మనుష్యులిద్దఱు. ఒకడు చంపెను, ఒకడు రక్షింపబోయెను. తెల్లవారందఱు ఒకటియేనని నేర్పిన చిత్రమును చూచి పెరిగినవాడు ఈ యిద్దఱి భేదమును గ్రహింపలేడు. ఫ్రెంచి వనితను అమెరికా పిల్లగా చూపిన నిర్మాతను ఆ హంతకునితో పోల్చుట అన్యాయము, మేమట్లు పోల్చుటలేదు. కాని పరాయివారందఱు ఒకటియే యను అలవాటు వినోదమున మొలకెత్తి ఎంత దూరము పోగలదో చూపుచున్నాము.

ఈ యలవాటునకు కారణములలో డబ్బింగు ముఖ్యమైనది. మన చిత్రములలో నటుడు పెదవులు కదల్చుట ఒకనాడు, గొంతు పోయుట మఱొకనాడు. ఆ గొంతు అతనిదే కానక్కఱలేదు. తెలుగు రాని నాయికలను మన చిత్రములలో దశాబ్దములుగా ఇతరుల గొంతుతో నడిపించుచున్నాము. స్వంత నాయిక మాటకే స్వంత గొంతు అక్కఱలేదనుకొనిన పరిశ్రమ, పరదేశీయుని మాటకు విలువనిచ్చునా? ప్రేక్షకునకు పరభాష అర్థము గాదను ఆక్షేపణ తఱచుగా వినబడును. తెఱ అడుగున తెలుగు అక్షరములు వేసినచో అర్థమగును. నేడు నిజాంపేట గృహములలో అవ్వలు సైతము కొరియా నాటకములను ఆ యక్షరముల సాయమున చూడగలుగుచున్నప్పుడు, ఈ యాక్షేపణకు బలము లేదు.

కావున మేము కోరునది ఘనమైన సంస్కరణమేమియు గాదు. నిర్మాతలు ఇటలీకి మాఱుగా జార్జియాను చూపినను చూపుదురు గాక, దానిని క్షమింపవచ్చును. ఆ వీథిలో నిలిచిన మనిషికి మాత్రము ఒక పేరు, ఒక మాట, ఒక మనస్సు ఈయవలెను. అతని భాష నెఱిగినవారిని పిలిచి సంభాషణలు సరిచూపించుకొనవలెను. ఒక విదేశపు పాటకగు వ్యయముతో పోల్చినచో అది యెంత? ఇక గృహస్థులు చేయదగినది మఱియొకటి గలదు. విదేశమున నున్న బిడ్డ ఫోను చేసినప్పుడు చలి యెంత, భోజనమైనదా యనుటతో సరిపెట్టక, ప్రక్కయింటివారి పేరేమి, వారేమి చేయుదురు, పండుగల నెట్లు జరుపుకొందురు అని యడుగుడు. సినిమా నింపిన ఖాళీలు కొన్ని ఆ విధముగా సత్యముతో నిండును.

పరదేశి యనగా సముద్రము దాటినవాడు మాత్రమే కాడు. నిజాంపేటలో మేడలు కట్టుచున్న కూలీలలో ఒడిశావారు గలరు, బీహారువారు గలరు, వంగదేశమువారు గలరు. మనమందఱిని ‘హిందీవాళ్లు’ అని ఒక్క మాటతో పిలుచుచున్నాము. వారిలో ఒడియా మాటాడువా రెవరో, భోజపురి మాటాడువా రెవరో మన మెన్నడైనను అడిగితిమా? బొంబాయివారు మనలను మద్రాసీలనినప్పుడు నొచ్చుకొనిన మనము, మన గోడలు కట్టువారి పేరును, ఊరును, మాటను తెలిసికొనుటతో ఈ పనిని ప్రారంభింపవచ్చును.